చాట్స్‌వర్త్ పొలిమేరలో బస, భోజనం, నడక: బాస్లోలోని కావెండిష్ హోటలు

ఇంగ్లండులో డెర్బీషైర్ కౌంటీ, డెర్వెంట్ నది ఒడ్డున బాస్లో అనే చిన్న గ్రామం. ఆ గ్రామం ముగిసి, డ్యూకుల భవనమూ తోటా ఉన్న చాట్స్‌వర్త్ ఎస్టేటు మొదలయ్యే చోట కావెండిష్ హోటలు ఉంది. గది అద్దె, రాత్రి భోజనం, రెండూ ఖరీదైనవే కనుక, ఇంత సొమ్ము దేనికి చెల్లిస్తున్నామో ముందే తేల్చుకుని వెళ్లడం మంచిది. నా లెక్కలో ఈ హోటలు విలువలో సగం దాని గోడల బయటే ఉంది. ఉదయం ఫలహారం చేసి, బూట్లు తొడుక్కుని, కారు తాళం చేతికి తీసుకోకుండా వెనుక వైపు కాలిబాట పట్టగలిగేవారికి ఇది ఇచ్చిన డబ్బుకు తగిన చోటు. రోజుకు నాలుగు ఊళ్లు చూసి, చీకటి పడ్డాక పడుకోవడానికి మాత్రమే గదికి చేరేవారు షెఫీల్డ్‌లోనో చెస్టర్‌ఫీల్డ్‌లోనో మామూలు హోటలు తీసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

పూర్వం ఇది పీకాక్ అనే పేరుతో గుర్రపు బళ్ల బాటసారులకు ఆశ్రయమిచ్చిన సత్రం. 1975లో మరమ్మతులు చేసి, ఎస్టేటు యజమానులైన డెవన్‌షైర్ డ్యూకుల ఇంటిపేరుతో దీన్ని మళ్లీ తెరిచారు. హోటలు, కిటికీలోంచి కనిపించే గడ్డిమైదానం, అందులో మేసే గొర్రెలు, పక్క ఊరు పిల్స్‌లీలో 1977 నుంచి నడుస్తున్న ఎస్టేటు దుకాణం, అన్నీ ఒకే కుటుంబపు ఆస్తి కావడం వల్ల ఇక్కడి భోజనానికి ఒక పొందిక వచ్చింది. పళ్లెంలోకి వచ్చే మాంసం ఏ కొండ వాలు నుంచి వచ్చిందో చూపించగలిగే హోటళ్లు ఎక్కువ లేవు. అదే సమయంలో మనం తినే తిండికీ, తాగే టీకీ ఇచ్చే డబ్బు ఒకే పెట్టెలో పడుతుందన్న ఎరుక కూడా ఉండాలి.

గదుల గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. పాత కట్టడం కనుక అన్ని గదులూ ఒకే కొలతలో ఉండవు. రోడ్డు వైపు గది కాకుండా పార్కు వైపు గది కావాలని బుక్ చేసేటప్పుడే అడగాలి. కాస్త ఎక్కువ కట్టవలసి వచ్చినా సరే, ఎందుకంటే జూన్ నెలలో రాత్రి తొమ్మిదిన్నర దాటాక కూడా వెలుతురు ఉండే ఈ దేశంలో, భోజనం తరువాత కిటికీ దగ్గర కూర్చుని ఆ పచ్చిక మీద ఎండ పలచబడడం చూడడం కూడా బసలో భాగమే.

రాత్రి భోజనం జరిగేది గ్యాలరీ అనే గదిలో. ఇంగ్లండులో ఇలాంటి హోటళ్ల వంట ఈమధ్య రెండు దారుల మధ్య ఊగిసలాడుతోంది. ఒకటి గొర్రెపిల్ల మాంసం, వేట పక్షులు, దుంపలు, జున్ను (చీజ్) వంటి ఆ నేల సరుకును పెద్దగా కదిలించకుండా వండి పెట్టే పద్ధతి. రెండవది పట్టకారుతో పట్టి అమర్చిన ఆకులు, చుక్కలు చుక్కలుగా పోసిన రసాలు, పేరు చదివితే ఏమిటో అర్థం కాని పదార్థాలతో పళ్లేన్ని బొమ్మలా తీర్చే పద్ధతి. ఇక్కడ రెండూ కనిపిస్తాయి, నాకు మొదటిదే నచ్చింది. పచ్చిక మేసిన గొర్రె మాంసంలో మసాలా ఏదీ లేకపోయినా ఒక తియ్యని కమ్మదనం ఉంటుంది. దానికి పుదీనా, ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, మాంసపు రసం తోడైతే, మొదటి రెండు ముద్దలకు కారం కోసం వెతుక్కునే మన నాలుక మూడవ ముద్దకు వెతకడం మానేస్తుంది. చివరన తీపికి బదులు జున్ను అడగడం మంచిది. నీలి చారల స్టిల్టన్ జున్నును ఆ పేరుతో తయారు చేసే హక్కు డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగమ్‌షైర్ అనే మూడు కౌంటీలకే ఉంది. దాని ఘాటు కొత్తవారికి ఒక పట్టాన నచ్చదు గాని, బిస్కెట్టు మీద పలచగా రాసుకుని, ద్రాక్ష పండుతో కలిపి తింటే మెల్లగా అలవాటవుతుంది.

శాకాహారుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మాంచెస్టర్, నాటింగమ్, బర్మింగమ్ నగరాల్లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరకు ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చే తల్లిదండ్రులలో చాలామందికి ఇదే మొదటి ప్రశ్న. ఇంగ్లండు పల్లె భోజనశాలల్లో ఇప్పుడు శాకాహారం దొరకని చోటు అరుదు, కానీ దొరికేది సాధారణంగా ఒకటి రెండు వంటకాలే, అవి కూడా పుట్టగొడుగులూ జున్నూ చుట్టూ తిరుగుతాయి. బుక్ చేసేటప్పుడే రాసి పెడితే వంటవాళ్లు శ్రద్ధ తీసుకుంటారు, అక్కడికి వెళ్లాక చెబితే మిగతావారి పళ్లెంలోని పక్క కూరలే మనకు భోజనమవుతాయి. కొన్ని వివరాలు అడిగి తెలుసుకోవాలి. ఆదివారపు రోస్టుతో, అంటే కాల్చిన మాంసపు భోజనంతో, వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగును (పేరుకు పుడ్డింగే గాని తీపి కాదు) చాలాచోట్ల గొడ్డు కొవ్వులో కాలుస్తారు, కూరగాయల మీద పోసే గ్రేవీలో మాంసపు రసం ఉంటుంది, కొన్ని తీపి పదార్థాలలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. కారం, పులుపు కోసం ప్రాణం కొట్టుకునేవారికి షెఫీల్డ్‌లో తయారయ్యే హెండర్సన్స్ రెలిష్ అనే నల్లని సీసా ఒక ఊరట. వూస్టర్ సాసు లాగా అందులో చేప ఉండదు కనుక శాకాహారులు నిశ్చింతగా పోసుకోవచ్చు.

ఉదయపు ఫలహారం మాత్రం నాకు రాత్రి భోజనం కంటే ఎక్కువ నచ్చింది. ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ అంటే వేయించిన గుడ్లు, బేకను, సాసేజీలు, టమాటా, పుట్టగొడుగులు అని అందరికీ తెలుసు. డెర్బీషైర్‌లో ఎక్కడ బస చేసినా వాటితో పాటు అడిగి తినవలసినది ఓట్‌కేక్. పేరులో కేక్ ఉన్నా అది కేక్ కాదు, స్కాట్లండు వారి గట్టి బిస్కెట్టు లాంటిదీ కాదు. ఓట్స్ పిండిని ఈస్టుతో పులియబెట్టి పెనం మీద పోసిన, అచ్చంగా మన మెత్తని అట్టు లాంటిది. దాని మీద జున్ను తురిమి మడిచి తింటే, విదేశంలో ఉన్నన్ని రోజులూ ఇడ్లీ కోసం బెంగ పెట్టుకునేవారు కూడా మధ్యాహ్నం దాకా మాట్లాడరు. ఊళ్లోని టీ దుకాణాల్లో కూడా ఇది దొరుకుతుంది, ధర తక్కువ.

మధ్యాహ్నం టీ, అంటే మూడంతస్తుల పళ్లెంలో చిన్న శాండ్‌విచ్‌లు, స్కోన్‌లు, కేకులు పేర్చి ఇచ్చే తతంగం, ఒకసారి చేయదగినదే గాని, దాన్ని తిన్న రోజు రాత్రి భోజనం బుక్ చేసుకోవడం డబ్బు పారబోసుకోవడమే.

ఇక బయటికి నడుద్దాం. హోటలు దగ్గర నుంచి పార్కులోకి కాలిబాట ఉంది. గుండ్రంగా తిరిగే గేటు దాటి, ఎడమ చేతి వైపు చెట్లు కప్పిన కొండ, కుడి చేతి వైపు డెర్వెంట్ నది, మధ్యలో గొర్రెల మందలతో సుమారు ఒకటిన్నర మైళ్లు నడిస్తే చాట్స్‌వర్త్ భవనం కనిపిస్తుంది. పార్కులో నడవడానికి టికెట్టు లేదు. ఈ నేల ప్రకృతి సిద్ధంగా ఇలా ఉందనుకుంటే పొరపాటే. 1760లలో కేపబిలిటీ బ్రౌన్ అనే ఉద్యాన శిల్పి కొండ వాలునూ చెట్ల గుంపులనూ నది వంపునూ కంటికి ఇంపుగా కుదిర్చి, చేతితో చేసినట్టు తెలియకుండా చేసిన పని ఇది. దారిలో చుట్టూ కందకంతో, పైన చెట్లతో ఒక రాతి వేదిక కనిపిస్తుంది, దాన్ని క్వీన్ మేరీస్ బవర్ అంటారు. 1569 నుంచి 1584 మధ్య స్కాట్లండు రాణి మేరీని బందీగా పలుమార్లు చాట్స్‌వర్త్‌లో ఉంచినప్పుడు ఆమె గాలి పీల్చుకోవడానికి ఇక్కడికి వచ్చేదని చెబుతారు.

భవనంలోకీ తోటలోకీ విడివిడిగా టికెట్లు ఉంటాయి. ఒక పూటే సమయం ఉంటే తోట టికెట్టు ఒక్కటే కొనమని నా సలహా. లోపలి చిత్రాలు, పైకప్పుల మీద రంగుల దేవతలు, తలుపు మీద వేలాడుతున్నట్టు చిత్రించిన వయొలిన్ చూడదగినవే, కానీ ఐరోపా రాజభవనం ఒకటి చూసినవారికి రెండవది కొంత తెలిసినట్టే ఉంటుంది. తోట అలా కాదు. 1826లో 22 ఏళ్ల వయసులో ఇక్కడ ప్రధాన తోటమాలిగా చేరిన జోసెఫ్ ప్యాక్స్‌టన్ బుర్ర 105 ఎకరాల నిండా పరుచుకుని ఉంది. రష్యా చక్రవర్తి నికొలస్ వస్తాడని 1844లో ఆయన ఒక ఫౌంటెన్ కట్టాడు. కొండ మీద ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా నీటిని కిందికి దించి, పంపు అవసరం లేకుండా కేవలం ఎత్తు నుంచి పడే నీటి ఒత్తిడితోనే 296 అడుగుల దాకా ఎగజిమ్మించాడు. చక్రవర్తి మాత్రం రాలేదు. ఎంపరర్ ఫౌంటెన్ అన్న పేరు ఆ రాని అతిథిదే.

అరటి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. చైనా నుంచి మారిషస్ మీదుగా ఇంగ్లండు చేరిన ఒక పొట్టి అరటి మొక్కను ప్యాక్స్‌టన్ చాట్స్‌వర్త్ గాజు ఇంట్లో వేడి ఇచ్చి పెంచాడు. 1835లో అది పువ్వు వేసి గెల దిగింది. యజమాని అయిన ఆరవ డ్యూకు విలియం కావెండిష్ పేరుతో దానికి కావెండిష్ అరటి అని పేరు పడింది. ఇక్కడి పిలకలు మిషనరీల ద్వారా పసిఫిక్ దీవులకు చేరాయి. ఆ తరువాత ఇరవయ్యవ శతాబ్దం మధ్యలో గ్రో మిషెల్ అనే రకాన్ని పనామా తెగులు తుడిచిపెట్టినప్పుడు ప్రపంచ వ్యాపారమంతా కావెండిష్ జాతి మీదికి మళ్లింది. అనంతపురం, కడప జిల్లాల రైతులు నేడు బిందు సేద్యంతో పండించి ఎగుమతి చేస్తున్న జీ-నైన్ కూడా ఆ కుటుంబంలోదే. మన పచ్చ అరటికీ ఈ హోటలు బోర్డుకూ పేరు ఒకటే అన్నమాట. రుచిలో చక్కరకేళి దీనికంటే ఎన్నో మెట్లు పైన ఉంటుందన్న నా మాటను డ్యూకు గారి వారసులు మన్నించాలి. ఆనాటి పెద్ద గాజు మందిరాన్ని 1920లో పడగొట్టారు, పునాదులు మిగిలాయి, ప్యాక్స్‌టన్ అనుభవం మాత్రం 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌గా మారింది.

తిరుగు దారిలో నది అవతల ఎడెన్సర్ గ్రామం చూసి రావచ్చు. భవనం కిటికీల నుంచి ఊరు కనిపించకూడదని కొన్ని ఇళ్లను తీసేసి, 1830, 1840లలో పక్కకు జరిపి, ఏ రెండు ఇళ్లూ ఒకలా లేకుండా కట్టిన ఊరు అది. డబ్బున్నవాడి చూపుకు అడ్డమొస్తే ఊరు కూడా జరగవలసిందేనన్న ఆలోచన కలగక మానదు. చర్చి శ్మశానంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు క్యాథ్‌లీన్ సమాధి ఉంది. ఆమె అప్పటి డెవన్‌షైర్ డ్యూకు పెద్ద కొడుకును పెళ్లాడింది, 1963 జూన్‌లో కెనెడీ ఆ సమాధిని చూడడానికి వచ్చాడు.

బాస్లో ఊరికి ఒక గంట చాలు. సెయింట్ ఆన్స్ చర్చి గడియారపు ముఖాలలో ఒకదాని మీద అంకెలకు బదులు విక్టోరియా అనే పేరులోని ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలూ, 1897 అనే సంవత్సరంలోని నాలుగు అంకెలూ కలిపి పన్నెండు స్థానాలను నింపాయి. రాణి పాలన అరవై ఏళ్లు నిండిన ఉత్సవపు గుర్తు అది. పాత వంతెన పక్కన, మనిషి వంగి దూరవలసినంత చిన్న కాపలా గది ఇప్పటికీ ఉంది. కాళ్లలో సత్తువ ఉన్నవారు ఊరి మీదుగా బాస్లో ఎడ్జ్ ఎక్కాలి. ఎడ్జ్ అంటే కొండ పైభాగం ఒక్కసారిగా కోసినట్టు ఆగిపోయే రాతి అంచు. గరుకైన ఆ ఇసుకరాతితో ఒకప్పుడు తిరగలి రాళ్లు చెక్కేవారు. గిరాకీ పోయాక వదిలేసిన రాళ్లు ఈ కొండల కింద నాచు పట్టి ఇంకా పడి ఉన్నాయి, 1951లో బ్రిటన్‌లో మొదటి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్‌కు ఆ తిరగలి రాయే చిహ్నమయింది. ఆగస్టులో పైన నేలంతా హెదర్ పూలతో ఊదారంగులోకి మారుతుంది. గాలి మాత్రం ఏ నెలలోనైనా చొక్కాలోకి దూరుతుంది కనుక వేసవి అని నమ్మి పలచని బట్టలతో ఎక్కవద్దు.

బేక్‌వెల్ నాలుగు మైళ్ల దూరంలోని సంత ఊరు. సోమవారం సంత జరుగుతుంది. ఇక్కడికి అందరూ వచ్చేది పుడ్డింగు కోసం. ఒక సత్రంలో వంట మనిషి గుడ్లూ బాదంపొడీ కలిపిన మిశ్రమాన్ని పిండిలో కలపకుండా పొరపాటున జామ్ మీద పోసిందని, అలా ఈ వంటకం పుట్టిందని కథ. ఆ కథ జరిగిన సంవత్సరం ఒక్కో దుకాణంలో ఒక్కోలా చెబుతారు, అసలైన వంట పద్ధతి తమ దగ్గరే ఉందని మాత్రం అన్ని దుకాణాలూ ఒకే గొంతుతో చెబుతాయి. దేశమంతటా సూపర్ మార్కెట్లలో దొరికే చెర్రీ పెట్టిన బేక్‌వెల్ టార్టు వేరు. అది గట్టి పిండి గిన్నెలో బాదం కేకు. ఊళ్లో దొరికే పుడ్డింగు చూడడానికి మాడిన, కుంగిన అట్ట పెట్టెలా ఉంటుంది, పొరలు పొరలుగా విడిపోయే పిండి అడుగున జామ్, పైన గుడ్డు బాదంల మెత్తని ముద్ద. చల్లారినది పెట్టెలో ఇస్తే తీసుకోకండి. వేడిగా, కస్టర్డ్ పోసి, అక్కడే కూర్చుని తినాలి. హోటలులోని ముస్తాబు చేసిన తీపి పదార్థాలకంటే నాకు ఈ అందవిహీనమైనదే ఎక్కువ ఇష్టం.

వాన పట్టే రోజుకు రెండు చోట్లు చెబుతాను. మొదటిది అయిదు మైళ్ల దూరంలోని ఈయమ్ గ్రామం. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటలోని ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా ఈ ఊరికి ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది విలియం మాంపెసన్ అనే చర్చి గురువు నాయకత్వంలో ఊరివారు తమంతట తామే పొలిమేర దాటకుండా ఉండిపోయారు. పొరుగు ఊళ్లవారు తెచ్చిపెట్టిన తిండికి ధరగా నాణేలను వెనిగర్ పోసిన రాతి గుంతలలో ఉంచేవారు, ఆ గుంతల రాయి ఇప్పటికీ ఉంది. సుమారు 260 మంది చనిపోయారని లెక్క. ఎలిజబెత్ హ్యాంకాక్ అనే స్త్రీ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తానే పాతిపెట్టింది. ఆ సమాధులు ఊరి బయట పొలంలో చిన్న గోడ మధ్య ఉన్నాయి. కరోనా కాలాన్ని చూసిన మనకు ఆ గోడ ముందు నిలబడితే ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు.

రెండవది నది వెంట దక్షిణంగా వెళితే వచ్చే క్రామ్‌ఫర్డ్. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో నీటి శక్తితో నడిచే నూలు మిల్లును ఇక్కడ మొదలుపెట్టాడు, 2001లో ఈ లోయ మిల్లులన్నింటికీ యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. తెలుగువారు ఇక్కడికి తప్పక వెళ్లాలి. 1611లో ఇంగ్లిషు కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టుకుని మన అద్దకపు బట్టలను తీసుకుపోయింది. అవి ఇంగ్లండులో ఎంతగా నచ్చాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడితో 1700లోనూ 1721లోనూ వాటిని ఆపడానికి చట్టాలు చేయవలసివచ్చింది. ఆర్క్‌రైట్ నూలు సిద్ధమయ్యాక, బ్రిటన్‌లో నేసిన నూలు బట్టకు 1774లో ఆ నిషేధం సడలించారు. తరువాతి శతాబ్దంలో మిల్లు నూలు మన మగ్గాల మీదికి తిరిగి వచ్చిన కథ మనకు తెలిసినదే. పెడనలో ఈనాటికీ అచ్చు చెక్కలతో బట్టలద్దే ఇళ్లను చూసినవారు, ఈ మిల్లు ముందరి చిన్న కాలువను చూస్తే, ఇంత కొద్ది నీరు అంత పని చేసిందా అని ఆశ్చర్యపోతారు.

హాడన్ హాల్ అనే మధ్యయుగపు భవనం గురించి ఒక్క మాట: సుమారు రెండు వందల ఏళ్లు ఎవరూ కాపురం లేకుండా వదిలేయడం వల్లనే మధ్యయుగపు వంటిల్లు, భోజనశాల మార్పు లేకుండా మిగిలాయి. చాట్స్‌వర్త్ బంగారు పూతతో కళ్లు అలసినవారికి ఇది నచ్చుతుంది.

ప్రయాణానికి కొన్ని సూచనలు. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి చెస్టర్‌ఫీల్డ్‌కు రైలులో సుమారు రెండు గంటలు, అక్కడి నుంచి టాక్సీ. షెఫీల్డ్ నుంచి బాస్లో మీదుగా బేక్‌వెల్‌కు బస్సు ఉంది, సాయంత్రం త్వరగా ఆగిపోతుంది కనుక ఆఖరి బస్సు వేళ ఉదయమే చూసుకోవాలి. పల్లె పబ్బులలో చాలాచోట్ల మధ్యాహ్నం రెండున్నర తరువాత వంటింటి పొయ్యి ఆర్పేస్తారు, మళ్లీ సాయంత్రం దాకా బీరు, వేపుడు చిప్స్ పొట్లాలే గతి. కనుక నడకకు బయలుదేరేవారు భోజనం వేళ చూసుకుని దారి ఎంచుకోవాలి. క్రిస్మస్ సందడి ముగిశాక కొన్ని వారాలు చాట్స్‌వర్త్ భవనం మూసి ఉంటుంది, అప్పుడు గది అద్దె తగ్గినా పగలు కూడా కురచే. గొర్రెపిల్లలు పుట్టే ఏప్రిల్, మే నెలలు నా ఎంపిక. శనివారం కంటే వారం మధ్యలో గదులు చవక, పార్కులో జనమూ పలచన. ఆదివారం మధ్యాహ్నపు రోస్టు తినాలనుకుంటే మాత్రం, హోటలులో బస చేస్తున్నా సరే, బల్లను విడిగా ముందే బుక్ చేసుకోండి.